మూడో డయాఫ్రం పంపు కూడా పోయింది, మిద్దె తోట డ్రిప్పుకు అసలు ఏది కొనాలి?

సీతాఫలం (బోడుప్పల్), శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది సొంత ఇల్లు, పైన మిద్దె తోట. 40 కుండీలున్నాయి, వంకాయ, టమాట, గోంగూర, రెండు దొండ పందిళ్లు. ఒక్కో కుండీకి గంటకు 2 లీటర్లు వదిలే డ్రిప్పర్ ఒకటి. 200 లీటర్ల నీలం డ్రమ్ము, దాని పక్కనే 12 వోల్టుల డయాఫ్రం పంపు. అడాప్టర్ మెట్ల గదిలో ఉంది, అక్కడి నుంచి వైరు లాక్కొచ్చాం.

ఏడాదిన్నరలో ఇది మూడో పంపు. మొదటిది చిన్నది, 3 ఆంపియర్లు, 60 పీఎస్ఐ ప్రెషర్. నాలుగు నెలలు టకటకటక కొట్టుకుంటూ నడిచి ఒకరోజు ఆగిపోయింది. షాపులో చూపిస్తే చేత్తో ఊపి చూసి "మోటార్ పోయిందమ్మా, కొత్తది తీసుకోండి" అన్నాడు. సరే చిన్నది కదా అందుకే పోయిందేమో అని రెండోసారి 8 ఆంపియర్లది, 100 పీఎస్ఐది కొన్నా, దానికోసం 10 ఆంపియర్ల అడాప్టర్ కూడా. అది మే నెలలో కాలిన వాసన కొట్టి చచ్చిపోయింది. మూడోది 5 ఆంపియర్లు, నిమిషానికి 5 లీటర్లు అని రాసుంది. వచ్చి ఆరు వారాలు కూడా కాలేదు, మోటార్ బుర్రుమని తిరుగుతుంది, నీళ్లు మాత్రం జలుబు చేసిన పిల్లాడి ముక్కులా కారుతున్నాయి. మా ఆయన "మగ్గుతో పోసుకుంటే పోయేదానికి" అని పొద్దున్నే దెప్పుడు.

ఏ కంపెనీది కొనాలో చెప్పండి చాలు. రాణిగంజ్ వెళ్లి కొనాలా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలా?

మూడో అంతస్తు (మలక్‌పేట), శుక్రవారం రాత్రి 9:40

అక్కా, ఈ బొమ్మ పంపులు వదిలేసి హాఫ్ హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారూ పంపూ ఒకే ముక్కగా వచ్చేది) పెట్టేయండి. ఒక్కసారి పెడితే పదేళ్లు చూడక్కర్లేదు.

పాత పానా (జీడిమెట్ల), శుక్రవారం రాత్రి 10:25

హాఫ్ హెచ్‌పీ పెడితే ఆమె కుండీలన్నీ గంటసేపట్లో తాగే 80 లీటర్లను అది రెండు మూడు నిమిషాల్లో తోసేస్తుంది, మరి మిగతా టైమంతా ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి తమ్ముడూ? ఇంత తక్కువ నీళ్లకు, రబ్బరు పొరతో కొద్దికొద్దిగా తోసే డయాఫ్రమే సరైనది. పంపు ఎంపికలో ఆమె తప్పు పెద్దగా లేదు, పంపు చుట్టూ ఉన్నవాటిలో ఉంది అనుకుంటున్నా.

అమ్మా, కంపెనీ పేరు తర్వాత చూద్దాం. నేను ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ చేసి రిటైరైనవాణ్ణి, పంపు పోయింది అని నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావాటికి పంపు బాగానే ఉండేది. ముందు ఇవి చెప్పండి. ఆ వైరు ఎంత పొడుగు, ఎంత లావు? డ్రమ్ముకీ పంపుకీ మధ్య జాలీ ఉందా? డ్రమ్ములో నీళ్లు తప్ప ఇంకేమైనా పోస్తారా? పాత రెండు పంపులు ఉన్నాయా, పారేశారా?

సీతాఫలం, శుక్రవారం రాత్రి 10:51

పానా గారూ, థ్యాంక్స్ అండీ. వైరు 15 మీటర్లు, స్పీకర్లకు వేసే తెల్ల ట్విన్ వైరు, 0.75 అని ఉంది. పంపుతోపాటు చిన్న జాలీ కప్పు ఒకటి వచ్చింది కానీ దాని మర మా పైపుకు కలవలేదు, పక్కన పెట్టేశాం. డ్రమ్ములో నీళ్లే. పదిహేను రోజులకోసారి జీవామృతం కలుపుతాను, పాత చున్నీతో వడకట్టి మరీ పోస్తాను. పాత పంపులు మెట్ల కింద గోనెసంచిలో ఉన్నాయి, పాత సామాన్లవాడు వస్తే ఇద్దామని.

పాత పానా, శుక్రవారం రాత్రి 10:58

చున్నీయా.

ఆ గోనెసంచి ఎవరికీ ఇవ్వకండి. రేపు కూర్చుని రాస్తా.

ఓమ్ లెక్క (తార్నాక), శుక్రవారం రాత్రి 11:30

పానా సార్ రాసేలోపు వైరు సంగతి నేను చెప్పేస్తా, నాకు నిద్ర పట్టదు లేకపోతే.

15 మీటర్లు అంటే కరెంటు పోవడానికి 15, తిరిగి రావడానికి 15, మొత్తం 30 మీటర్ల రాగి. 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరుకు ఆ పొడుగులో రెసిస్టెన్స్ దాదాపు 0.7 ఓమ్‌లు. మీ మూడో పంపు 5 ఆంపియర్లు లాగితే 0.7 ఇంటూ 5, అంటే 3.5 వోల్టులు దారిలోనే మాయం. అడాప్టర్ దగ్గర 12 చూపిస్తుంది, పంపు దగ్గర ఎనిమిదిన్నర. రెండోది 8 ఆంపియర్లన్నారు కదా, దానికి ఐదున్నర పైనే పోయి ఉంటుంది. పెద్ద పంపు కొన్నారు, దానికి తిండి మాత్రం సగమే పెట్టారు.

ఇంట్లో 230 వోల్టుల మీద 3 వోల్టులు తగ్గితే ఎవరికీ తెలియదు. 12 మీద 3 అంటే పావు వంతు. కారు, సోలార్, స్ప్రేయర్ ఏదైనా సరే 12 వోల్టుల దగ్గర అందరం పడే గుంత ఇదే.

2.5 వైరు వేస్తే నష్టం 1 వోల్టు దరిదాపుల్లోకి వస్తుంది, 4 వేస్తే 0.7. కానీ అంత రాగి కొనడం దండగ. 230ని పంపు దాకా తీసుకెళ్లి, వాన పడని డబ్బాలో ఎస్ఎంపీఎస్ (230ని 12 వోల్టులుగా మార్చే పవర్ సప్లై) పెట్టి, అక్కడి నుంచి అర మీటరు వైరుతో పంపుకు ఇవ్వండి. ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, ఎర్తింగు, ఆర్‌సీసీబీ (షాక్ కొట్టేలోపే కరెంటు ఆపేసే స్విచ్చు) తప్పకుండా ఉండాలి, తడి మిద్దె మీద చెప్పులు లేకుండా తిరుగుతారు కదా. ఎస్ఎంపీఎస్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. సీసీ కెమెరాలకు వాడే 2 ఆంపియర్ల అడాప్టర్ అంటగడితే తీసుకోకండి, పంపు స్టార్టయ్యే క్షణంలో రాసినదానికి రెండు మూడింతలు లాగుతుంది.

మల్టీమీటర్ ఉంటే పంపు నడుస్తుండగా, ఆగి ఉన్నప్పుడు కాదు, పంపు వైర్ల దగ్గరే కొలిచి చెప్పండి.

మూడో అంతస్తు, శనివారం పొద్దున 7:05

మధ్యలో నాదొక డౌటు, కోప్పడొద్దు. 100 పీఎస్ఐ అంటే 70 మీటర్ల ఎత్తుకు కొడుతుందని యూట్యూబ్‌లో చెప్పాడు. మా సంపు నుంచి మూడో అంతస్తు పైనున్న వెయ్యి లీటర్ల ట్యాంకుకు ఇలాంటిదొకటి పెడితే కరెంటు బిల్లు తగ్గుతుందా? ఇంకోటి, నల్లా వచ్చే రోజు ప్రెషర్ బొత్తిగా ఉండదు, నల్లా పైపుకే ఈ చిన్నది తగిలిస్తే ఎవరికీ చప్పుడు కూడా వినపడదు కదా.

ఓమ్ లెక్క, శనివారం పొద్దున 7:31

70 మీటర్ల లెక్క కరెక్టే, ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ, సుమారు 10 మీటర్ల నీటి ఎత్తు. కానీ ఆ 100 అనేది నీళ్లు దాదాపు ఆగిపోయే చోటు, నిమిషానికి 5 లీటర్లు అనేది ఎదురు ఏమీ లేనప్పుడు వచ్చేది. రెండూ ఒకేసారి రావు, డబ్బా మీద మాత్రం పక్కపక్కనే రాస్తారు. పోనీ 5 లీటర్లూ వచ్చాయనుకో, వెయ్యి లీటర్లకు 200 నిమిషాలు, మూడు గంటల ఇరవై నిమిషాలు. ఈ బుడ్డ మోటార్లు ఆగకుండా అంతసేపు నడవడానికి చేసినవి కావు. నీకు ఆ హాఫ్ హెచ్‌పీనే కరెక్టు, నువ్వు అక్కకు చెప్పిన సలహా నువ్వే వాడుకో.

ఫిల్టర్ తమ్ముడు (కూకట్‌పల్లి), శనివారం పొద్దున 7:48

నల్లా పైపుకు నేరుగా ఏ మోటారూ పెట్టకూడదు భాయ్, చిన్నదైనా పెద్దదైనా. జలమండలి వాళ్లు దొరికితే మోటార్ పట్టుకుపోతారు, ఫైన్ కూడా వేస్తారు. లైనులో ప్రెషర్ లేనప్పుడు పీలిస్తే ఎక్కడో లీకైన చోటు నుంచి మురుగు కూడా లోపలికి వస్తుంది, అది నీ ఇంటికే కాదు పక్కింటికీ పోతుంది. సంపులో పడనిచ్చి అక్కడి నుంచి లాక్కో.

మూడో అంతస్తు, శనివారం పొద్దున 7:55

సరే సరే, పెట్టను. అడిగానంతే.

చేవెళ్ల టమాట, శనివారం మధ్యాహ్నం 1:20

మా బ్యాటరీ స్ప్రేయర్లో ఉండేది కూడా ఇదే పంపు అన్నా, 16 లీటర్ల ట్యాంకు కింద కూర్చుంటుంది, 12 వోల్టులే. పెద్ద హెచ్‌టీపీ (ఎక్కువ ప్రెషర్) స్ప్రేయర్లు వేరు, వాటిలో ప్లంజర్లు (ముందుకూ వెనక్కూ తోసే కడ్డీలు) ఉంటాయి, దాంతో దీన్ని కలపొద్దు.

నా అనుభవం ఒకటి చెప్తా. పోయినేడు వేపనూనె కొట్టి, చీకటి పడిందని కడగకుండా షెడ్డులో పడేసిన. నాలుగు రోజులాగి తీస్తే మోటార్ తిరుగుతుంది, మందు రాదు. విప్పితే లోపల రబ్బరు నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉంది. షాపాయన ఇది ఈపీడీఎం రబ్బరు, నీళ్లకు, క్లోరిన్‌కు మంచిదే గానీ నూనె పడదు, నూనెలు కొట్టేటట్టుంటే విటాన్ రబ్బరుది అడిగి తీసుకో అన్నడు. అప్పటి నుంచి మందు కొట్టడం అయిపోంగనే రెండు లీటర్ల మంచినీళ్లు పోసి నాజిల్ నుంచి తెల్లగా వచ్చేదాకా కొడుతున్న. మళ్లీ ఆ బాధ రాలేదు.

అక్కా, జీవామృతం డ్రిప్పులో పంపొద్దు. నేను కూడా తిప్పలు పడ్డా.

షిఫ్ట్ బీ (పాశమైలారం), శనివారం మధ్యాహ్నం 3:02

రబ్బరు మాట వచ్చింది కాబట్టి. మా ప్లాంటులో డయాఫ్రం పంపులు కరెంటుతో కాదు, కంప్రెసర్ గాలితో నడుస్తాయి, రెండు పక్కలా రెండు డయాఫ్రంలు, మధ్యలో ఒక కడ్డీ. ఒకటి తోస్తుంటే రెండోది పీలుస్తుంది. సాల్వెంట్ అయితే టెఫ్లాన్ డయాఫ్రం, ఇంకోదానికి ఇంకోటి, లోపల పారేది మారితే మొదట అడిగేది అదే. ఇంట్లో వాళ్లు కూడా కొనేటప్పుడు "ఎన్ని పీఎస్ఐ" కంటే ముందు "లోపల ఏ రబ్బరు" అని అడిగితే బాగుంటుంది, కానీ షాపులో సగం మందికి తెలియదు.

దానికి ఒక సుఖం ఉంది. ముందు వాల్వ్ మూసేసినా కాలిపోదు, గాలి ప్రెషరూ నీటి ప్రెషరూ సమానం కాగానే నిలబడిపోతుంది, తెరవగానే మళ్లీ కదులుతుంది. మీ 12 వోల్టులదానికి ఆ సుఖం లేదు, పంపుకే ఉండే ప్రెషర్ స్విచ్చు ఆపాల్సిందే. ఇంకో తమాషా, మే ఎండలో కూడా మా పంపు సైలెన్సర్ మీద మంచు పేరుకుంటుంది, బిగించి ఉన్న గాలి ఒక్కసారిగా విచ్చుకుంటే చల్లబడి అందులోని తేమ గడ్డకడుతుంది. కొత్తగా చేరిన పిల్లలు వీడియోలు తీసుకుంటారు.

పాత పానా, శనివారం సాయంత్రం 6:40

ఇప్పుడు తీరిక దొరికింది.

మీ మూడు పంపులూ ఒకే జబ్బుతో పోలేదమ్మా. అందుకే కంపెనీ మార్చినా, సైజు మార్చినా ఫలితం లేదు.

లోపల ఏముంటుందో ముందు చెప్తా. మోటార్ ఇరుసు చివర ఒక వాలుగా ఉండే చక్రం, అది తిరుగుతుంటే పళ్లెం ఒకటి అటూ ఇటూ ఊగుతుంది, గుండ్రంగా తిరగదు, ఊగుతుంది. ఆ పళ్లేనికి రబ్బరు పొర అంటుకుని ఉంటుంది. వెనక్కి లాగినప్పుడు నీళ్లు లోపలికి, ముందుకు నొక్కినప్పుడు బయటికి. ఒక్కో గదికి లోపలికి రానిచ్చే వాల్వ్ ఒకటి, బయటికి పోనిచ్చేది ఒకటి, రెండూ రూపాయి బిళ్ల కంటే చిన్న రబ్బరు రేకులు. నీళ్లు ఎటు పోవాలో చెప్పేది ఆ రేకులే, మోటార్ కాదు, అందుకే ప్లస్సు మైనస్సు తారుమారు చేసినా ఈ పంపులో నీళ్లు అటే పోతాయి. ఆ రేకు కింద చిన్న నలుసు ఇరుక్కుంటే చాలు, తోసిన నీళ్లు మళ్లీ వెనక్కే జారతాయి. మోటార్ బుర్రుమంటుంది, నీళ్లు కారతాయి. మీ మూడోదాని లక్షణం అదే. జాలీ లేదు, పైగా చున్నీలోంచి వచ్చిన జీవామృతం. పేడ, బెల్లం, శనగపిండి, పుట్టమన్ను. చున్నీ ఆపేది గడ్డపెరుగులాంటి ముద్దల్ని, పోగుల్ని కాదు.

మొదటిది టకటక కొట్టుకుందన్నారు. మీ 40 డ్రిప్పర్లు కలిసి నిమిషానికి 1.3 లీటర్లే తాగుతాయి, పంపు ఇచ్చేది అంతకు రెండు మూడింతలు. ఎక్కువైన నీళ్లకు దారి లేక ప్రెషర్ పెరిగి, పంపు మీదుండే ప్రెషర్ స్విచ్చు దాన్ని ఆపేస్తుంది, రెండు సెకన్లలో ప్రెషర్ పడిపోయి మళ్లీ ఆన్ చేస్తుంది. నిమిషానికి ఇరవై ముప్పైసార్లు. నాలుగు నెలలు అంటే ఆ స్విచ్చు పాయింట్లు ఎన్నిసార్లు నిప్పురవ్వలు కొట్టి ఉంటాయో మీరే ఊహించండి. నా అనుమానం, ఆ మోటార్ బతికే ఉంది.

రెండోదాన్ని వైరు చంపింది, లెక్క తమ్ముడు చెప్పినట్టే. స్విచ్చు ఆపాలంటే 100 పీఎస్ఐ రావాలి, సగం వోల్టేజీతో మోటార్ అక్కడిదాకా తోయలేదు, కాబట్టి స్విచ్చు ఎప్పటికీ ఆపదు. తోయలేక, ఆగలేక, మే ఎండలో మూలుగుతూ కాలిపోయింది.

రేపు ఆదివారం చేయాల్సింది చెప్తా. మూడోదాని ముందు భాగంలో స్క్రూలు ఉంటాయి, కరెంటు తీసేసి విప్పండి. విప్పే ముందు ఒక ఫొటో, ప్రతి పొర తీసేటప్పుడు ఇంకో ఫొటో. వాల్వుల వైపు వెలుతురుకు పెట్టి చూడండి. మళ్లీ బిగించేటప్పుడు కారు చక్రం బోల్టుల్లా ఎదురెదురు మూలలు కొద్దికొద్దిగా బిగించాలి, ఒకే పక్క బలంగా తిప్పితే ప్లాస్టిక్ వంగి లీకవుతుంది.

మొదటిదానికి స్విచ్చు దగ్గర రెండు వైర్లు ఉంటాయి. వాటిని తీసి ఒకదానికొకటి ముట్టించి, బయటికి వచ్చే గొట్టం పూర్తిగా తెరిచి ఉంచి, ఐదు సెకన్లు కరెంటు ఇవ్వండి. గొట్టం మూసి మాత్రం చేయొద్దు.

ఫిల్టర్ తమ్ముడు, శనివారం రాత్రి 8:15

సార్ చెప్పిన వాల్వ్ సంగతి నేను సర్వీసు చేసే ఆర్వో ఫిల్టర్ల పంపుల్లోనూ అంతే, 24 వోల్టుల చిన్న డయాఫ్రం అది.

కొత్తపేట కాకి, శనివారం రాత్రి 8:33

ఆర్వో అంటే గుర్తొచ్చింది, మా ఇంట్లో గ్లాసు నిండటానికి పది నిమిషాలు పట్టేది, సర్వీసు నుంచి వచ్చినతను లోపల చూడనైనా చూడకుండా పంపు పోయింది అని కొత్తది వేసి 1,800 తీసుకెళ్లాడు. వారానికే మళ్లీ అదే కథ. చివరికి మా బావమరిది చూస్తే అడాప్టర్ బలహీనం, 24 రావాల్సింది 17 వస్తోంది. పాత పంపు ఇప్పటికీ బాగానే ఉంది, మీవాళ్లు ఇలా ఎందుకు చేస్తారు తమ్ముడూ?

ఫిల్టర్ తమ్ముడు, శనివారం రాత్రి 8:52

అందరి తరఫున నేను సమాధానం చెప్పలేను కాకి గారూ. రోజుకు పది పన్నెండు ఇళ్లు తిరగాలి, పార్టు వేస్తేనే కమిషన్, ఇక విప్పి చూసే ఓపిక ఎవరికుంటుంది. నేను మాత్రం మొదట సెడిమెంట్ ఫిల్టర్ తీసి చూస్తా, మన బోరు నీళ్లకు అది మూడు నెలలకే ఎర్రమట్టి ముద్ద అవుతుంది. తర్వాత అడాప్టర్ మీద మీటర్ పెడతా, పంపు నడుస్తుండగానే. ఆ తర్వాతే పంపు. పంపు నిజంగా పోతే హెడ్డుకీ (నీళ్లు పారే ముందు భాగం) మోటారుకీ మధ్య నుంచి నీటి చుక్కలు కనిపిస్తాయి, అంటే డయాఫ్రం చిరిగింది. దాన్ని అలాగే నడిపిస్తే నీళ్లు బేరింగులోకి దిగి తుప్పు పట్టి మోటార్ కూడా పోతుంది. అందుకే నిలువుగా బిగించేటప్పుడు హెడ్డు కింద, మోటార్ పైన ఉండాలి, చాలామంది తలకిందులు చేస్తారు.

సీతాఫలం, ఆదివారం మధ్యాహ్నం 12:47

పానా గారూ, దండం మీకు.

పొద్దున డాబా మీద పాత పేపరు పరిచి మూడోదాన్ని విప్పాను. మొదట ఓమ్ లెక్క గారు చెప్పిన మీటర్ పని చేశా, అడాప్టర్ దగ్గర 12.1, పంపు నడుస్తుండగా దాని దగ్గర 9.2. అది చూసి మా ఆయన కూడా కూర్చున్నారు.

నాలుగు పొడుగు స్క్రూలు. మూత తీస్తే లోపల మూడు గదులు, మొత్తం గోధుమరంగు జిగురు, వాసన చెప్పక్కర్లేదు. టార్చిలైటు పెట్టి చూస్తే ఒక రేకు కింద గడ్డి పోగు, నా చిటికెన వేలి గోరంత పొడుగు లేదు, అడ్డంగా పడుకుని రేకును ఒక పక్క వెంట్రుకవాసి ఎత్తి పట్టుకుంది. ఇంకో రేకు కింద తెల్లగా ఏదో తీగలా ఉంటే ఏమిటా అనుకున్నా, పైపుకు చుట్టిన టెఫ్లాన్ టేపు ముక్క. ట్వీజర్‌తో తీసి, పాత టూత్‌బ్రష్‌తో గోరువెచ్చని నీళ్లలో కడిగి, మీరన్నట్టే ఎదురెదురు మూలలు బిగించాం. కరెంటు ఇస్తే గొట్టం చేతిలోంచి జారి మా ఆయన చొక్కా తడిసిపోయింది. అంత జోరు!

ఈ గడ్డిపోగు కోసం ఇంకో రెండు వేలు పెట్టబోయాను.

పాత పానా, ఆదివారం మధ్యాహ్నం 1:15

టెఫ్లాన్ టేపు మర చివరి దాకా చుట్టకూడదు, మొదటి ఒకటి రెండు మరలు వదిలి చుట్టాలి, లేకపోతే చివర తెగి లోపలికే పోతుంది. అసలు ఈ ప్లాస్టిక్ పంపుల మరలకు చాలావాటిలో రబ్బరు వాషరే చాలు, టేపు దట్టంగా చుట్టి పానాతో బిగిస్తే పగులుతాయి. చేత్తో బిగించండి.

మొదటిది చూశారా?

సీతాఫలం, ఆదివారం సాయంత్రం 5:30

చూశాం. వైర్లు ముట్టించగానే తిరిగింది!! ఏడాదికి పైగా గోనెసంచిలో ఉన్నది. స్విచ్చు మూత విప్పితే లోపల పాయింట్లు పొయ్యిలో పెట్టినట్టు నల్లగా ఉన్నాయి. "మోటార్ పోయిందమ్మా" అన్నవాడికి చూపించాలనుంది కానీ ఎందుకులే.

మరి ఇప్పుడు టకటక ఎలా ఆపాలి? స్విచ్చు కొత్తది వేసినా మళ్లీ కాలిపోతుంది కదా.

పాత పానా, ఆదివారం సాయంత్రం 6:10

మంచి ప్రశ్న. ప్రెషర్ ట్యాంకు పెట్టొచ్చు, చిన్న గాలి బుడ్డి లాంటిది, అది కుదుపును మింగుతుంది. మీకు అంత అవసరం లేదు. పంపు నుంచి నీళ్లు బయటికి వచ్చే చోట ఒక టీ జాయింటు (మూడు దారుల ముక్క) పెట్టండి. ఒక దారి డ్రిప్పుకు, రెండో దారికి చిన్న వాల్వ్ పెట్టి దాని పైపు తిరిగి డ్రమ్ములోకే వదలండి. టీ తర్వాత డ్రిప్పు వైపు ఒక గేజీ. పంపు ఆన్ చేసి ఆ వాల్వును తెరుస్తూ మూస్తూ గేజీలో 1 బార్ వచ్చే చోట వదిలేయండి. మిగిలిన నీళ్లు డ్రమ్ములోకే పోతాయి, ప్రెషర్ స్విచ్చు దాకా వెళ్లదు, టకటక ఉండదు. స్విచ్చు తీసేయకండి, ఎక్కడైనా పైపు మడత పడితే కాపాడేది అదే. డ్రిప్పుకు 1 బార్ చాలు. మీకు ఇదివరకు డ్రిప్పర్లు ఊడి ఎగిరేవా?

సీతాఫలం, ఆదివారం సాయంత్రం 6:22

అయ్యో, రోజూ! పక్కింటి పిల్లలు ఏరి ఇచ్చేవాళ్లు. నేను డ్రిప్పర్లు నాసిరకం అనుకుని అవి కూడా మార్చాను.

చేవెళ్ల టమాట, ఆదివారం రాత్రి 8:05

మా దగ్గర కూడా ట్యాంకు ఎత్తు మీద పెడితే పంపే అక్కర్లేదు అని కొందరు చెప్తరు. రెండు మీటర్ల ఎత్తుకు 0.2 బార్ కూడా సరిగా రాదు, దగ్గరి కుండీలు తాగుతాయి, చివరివి ఎండుతాయి. అందుకే చెప్తున్న, పంపు ఉంచుకోండి. ఫాగర్లు (నీళ్లను పొగమంచులా చల్లేవి) పెట్టేటట్టుంటే మాత్రం 1 బార్ చాలదు, 3, 4 కావాలి.

ఓమ్ లెక్క, ఆదివారం రాత్రి 8:40

ఫారిన్ వీడియోల్లో చలికాలం రాగానే పంపులో నీళ్లు ఖాళీ చేయండి, గడ్డకట్టి పగులుతుంది అని ఒకటే పోరు. మనకు ఆ భయం లేదు, మన శత్రువు ఎండ. పంపు మీద బోర్లించిన బకెట్ అయినా పెట్టండి, గాలి ఆడేలా కింద రెండు ఇటుకలు వేసి.

ఎత్తు మాటకొస్తే ఒకటి. డ్రమ్ము పక్కనే ఉంది కాబట్టి అక్కకు బాధ లేదు గానీ, కింద సంపు నుంచి పీల్చాలనుకునేవాళ్లు డబ్బా మీది 100 పీఎస్ఐ చూసి మోసపోవద్దు. అది తోసేది, పీల్చేది కాదు. ఏ పంపైనా గాలి బరువు సాయంతోనే పీలుస్తుంది, సముద్రమట్టం దగ్గర ఆ హద్దు 10.3 మీటర్లు, మన హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 9.7 దాకానే. అది కాగితం మీద. ఈ బుడ్డ పంపులు రెండు మీటర్లు పీలిస్తే గొప్ప. పీల్చే వైపు మెత్తని పైపు వేస్తే లోపలికి అణిగిపోయి దారి మూసుకుంటుంది, లోపల దారం అల్లిన పైపే వేయాలి.

మూడో అంతస్తు, ఆదివారం రాత్రి 9:15

బోరు నీళ్లకు కూడా ఇవి పనికొస్తాయా? మా బోరు నీళ్లు బకెట్ అడుగున తెల్లగా పేరుకుంటాయి.

ఫిల్టర్ తమ్ముడు, ఆదివారం రాత్రి 9:28

పనికొస్తాయి, కానీ ఆ తెల్లదే రేకుల మీద కూడా పేరుకుంటుంది. రెండు నెలలకోసారి లీటరు నీళ్లకు ఒక స్పూను నిమ్మ ఉప్పు కలిపి, చిన్న బకెట్‌లో పెట్టి పది నిమిషాలు అదే నీళ్లు తిప్పు, తర్వాత మంచినీళ్లతో కడుగు. యాసిడ్ పోయమని ఎవడైనా చెప్తే వినకు.

సీతాఫలం, మూడు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 10:04

అప్‌డేట్ ఇస్తానన్నా కదా, కొంచెం ఆలస్యమైంది.

ఎలక్ట్రీషియన్ వచ్చి పంపు పక్కనే డబ్బాలో ఎస్ఎంపీఎస్ పెట్టాడు. ఇప్పుడు పంపు దగ్గర నడుస్తుండగా 11.8. జాలీ కప్పుకు సరిపోయే జాయింటు రాణిగంజ్‌లో దొరికింది, ముప్పై రూపాయలు! దాని కోసం ఇన్నాళ్లూ... సరే వదిలేయండి. టీ, వాల్వ్, గేజీ పెట్టాం. పొద్దున 20 నిమిషాలు నడుస్తుంది, లెక్క ప్రకారం 27 లీటర్లు, డ్రమ్ము మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి చూశా, దాదాపు అంతే దిగింది. టకటక లేదు, డ్రిప్పర్లు ఎగరడం లేదు, పక్కింటి పిల్లలే కాస్త నిరాశపడ్డారు. మొదటిదానికి కొత్త స్విచ్చు వేసి అదే నడుపుతున్నా, మూడోది స్పేరుగా కడిగి ఆరబెట్టి పెట్టాను.

జీవామృతం మాత్రం ఇప్పుడు మగ్గుతోనే. ఆ డ్యూటీ మా ఆయనకిచ్చా, ఐడియా ఆయనదే కదా.

కాలిపోయిన రెండోదాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేయొచ్చా పానా గారూ?

పాత పానా, ఆదివారం ఉదయం 11:20

మోటార్ ఇచ్చేయండి, హెడ్డు విప్పి ఉంచుకోండి. అందులో డయాఫ్రం, రేకులు పెద్దగా అరిగి ఉండవు. మూడోదానికి సరిపోతాయేమో స్క్రూ రంధ్రాల మీద పెట్టి చూడండి.

సీతాఫలం, ఆదివారం ఉదయం 11:52

పెట్టి చూశా. నాలుగు రంధ్రాలూ కలిశాయి, రేకుల సైజు కూడా అదే. పాత హార్లిక్స్ సీసాలో వేసి మూత పెట్టి, పైన పేరు రాసి పెట్టాను.